లారీల ఊళ్లో మురుగు లెక్క

రామభద్రపురం జంక్షన్లో బొబ్బిలి రోడ్డును వదిలేసి సాలూరు దారి పట్టిన బస్సుకు ఎదురుగా కొండలు లేస్తాయి. ముందు నీలంగా, దూరంగా... చూస్తుండగానే పచ్చబడి దగ్గరకొచ్చేస్తాయి. ఆ కొండల కాళ్ల దగ్గర, వేగావతి గట్టున ఉంది సాలూరు. ఊరొచ్చిందని బోర్డు చూసి తెలుసుకోనక్కర్లేదు. రోడ్డు పక్కన వరసగా లారీలు. కొన్ని లోడుతో, కొన్ని ఖాళీగా, కొన్ని చక్రాలు విప్పేసి, కొన్ని బాడీ కట్టకముందు ఉత్త ఛాసిస్‌తో. వెల్డింగు మెరుపులు, రేకు మీద సుత్తి దెబ్బలు, రంపపు పొట్టు, కొత్త పెయింటు... అన్నిటి మీదా ఒక పొరలా డీజిలు వాసన.

రాష్ట్రంలో విజయవాడ తర్వాత ఎక్కువ లారీలున్న ఊరు మాదేనంటారు సాలూరువాళ్లు. ఆ లెక్క ఎవరు తీశారో గానీ, ఆ మాట అనేటప్పుడు గొంతులో ధీమా మాత్రం కాదనలేం. 2011 జనాభా లెక్కల్లో సుమారు యాభై వేల మంది ఉన్న ఊరిది. 2022 ఏప్రిల్లో జిల్లాలు మారినప్పుడు విజయనగరం నుంచి పార్వతీపురం మన్యం జిల్లాలోకి వచ్చింది. జిల్లా మారినా బతుకుతెరువు మారలేదు. ఇంట్లో ఒకరు ఓనరు, ఒకరు డ్రైవరు, ఒకరు మెకానిక్కు. బంధువుల్లో ఇంకొకరు టైర్ల కొట్టు.

దీనికి కారణం రోడ్డు. విశాఖ రేవును ఛత్తీస్‌గఢ్‌తో కలిపే జాతీయ రహదారి ఈ ఊరి మధ్యలోంచే పోతుంది. పాతవాళ్లు ఇప్పటికీ ‘నలభై మూడు’ అనే అంటారు. కాగితాల మీద అది ఇప్పుడు ఇరవై ఆరు. సాలూరు దాటగానే పి.కోనవలస ఘాట్. పైకెక్కితే సుంకి, కొరాపుట్, జయపురం, జగదల్‌పూర్... అలా రాయపూర్ దాకా. మైదానంలో ఆఖరి మజిలీ సాలూరే. కొండెక్కే ముందు బ్రేకులు చూసుకోవాలన్నా, దిగొచ్చాక ఇంజను చల్లారాలన్నా ఇక్కడే ఆగాలి. అలా ఆగీ ఆగీ లారీలు ఈ ఊరివైపోయాయి.

నేను వెళ్లింది లారీల కోసం కాదు, వేగావతిని చూద్దామని. కానీ రోడ్డు పక్క టీ కొట్టు దగ్గర కూర్చున్న ఓ పెద్దాయన నా పని మార్చేశాడు. ఆయనకు ఒకప్పుడు మూడు లారీలుండేవట. ఇప్పుడు ఒకటి. రాయపూర్ వెళ్లి రావాలంటే ఎనిమిదొందల కిలోమీటర్ల పైచిలుకు. లోడు బండి లీటరుకు నాలుగు కిలోమీటర్లిస్తే గొప్ప. అంటే రెండొందల లీటర్లు దాటుతుంది. లీటరు వందకు చేరువైన డీజిలుతో ట్రిప్పుకు ఇరవై వేల దాకా ఒక్క ట్యాంకుకే పోతుందని వేళ్ల మీద లెక్క చెప్పాడు. చెప్పి, ఉన్నట్టుండి అడిగాడు:

“మురుగు నీళ్లలోంచి గ్యాసు తీసి బస్సులు నడుపుతున్నారట కదా బాబూ, నిజమేనేటి?”

“నిజమేనండీ. స్వీడన్లో ఇరవయ్యేళ్ల కిందటే మొదలుపెట్టారు” అన్నాను.

“అయితే మా సాలూరు మురుగుతో మా సాలూరు లారీలు నడుస్తాయేటి?”

చుట్టూ ఉన్న కుర్రాళ్లు నవ్వారు. ఆయన నవ్వలేదు. నా దగ్గర జవాబు లేదు. రెండ్రోజులు ఊళ్లో తిరిగి, రాత్రి లాడ్జి గదిలో కాగితం మీద లెక్కలు వేశాక దొరికిన జవాబే ఈ కథనం.

గొట్టంలోంచి పోతున్నది

సాలూరులో ఏ వీధిలోనైనా ఒకసారి తలెత్తి చూడండి. మీ ఊళ్లో అయినా సరే. ఇంటి వెనక గోడను ఆనుకుని ఒక గొట్టం పైకి పోతుంటుంది. చివర చిన్న జాలీ మూత. సెప్టిక్ ట్యాంకు గొట్టం అది. దోమలు పోకుండా జాలీ కట్టుకుంటాం, అంతకుమించి దాని గురించి ఆలోచించం. మనం వెతుకుతున్న ఇంధనం పగలూ రాత్రీ ఆ గొట్టంలోంచే గాల్లో కలిసిపోతోంది.

గాలి తగలని చోట మలం, తిండి మెతుకులు, సబ్బునీళ్ల మురుగు కుళ్లితే సూక్ష్మజీవులు దాన్ని తిని గ్యాసు వదులుతాయి. గోబర్ గ్యాస్ చూసినవాళ్లకు ఇది కొత్త కాదు. 1980లలో మన పల్లెల్లో పెరటిగొయ్యి మీద ఇనుప డ్రమ్ము తేలుతూ, దాన్నుంచి వంటింట్లోకి గొట్టం వెళ్లేది. అదే పని మురుగుతోనూ జరుగుతుంది. వచ్చే గ్యాసులో అరవై శాతం దాకా మీథేన్. మండేది అదే. మిగిలినదాంట్లో చాలామటుకు బొగ్గుపులుసు వాయువు. కొంచెం తేమ. చాలా కొంచెం హైడ్రోజన్ సల్ఫైడ్... కుళ్లిన కోడిగుడ్డు వాసన దానిదే.

ఆ ‘చాలా కొంచెం’ దగ్గర ఒక్క నిమిషం ఆగాలి. సెప్టిక్ ట్యాంకులోకో మ్యాన్‌హోల్లోకో దిగిన మనిషి పైకి రాలేదన్న వార్త మనం ఎన్నిసార్లు చదివి ఉంటాం! తక్కువ మోతాదులో వాసన కొట్టే ఈ గ్యాసు, మోతాదు పెరిగితే ముందు ముక్కునే చంపేస్తుంది. వాసన పోయిందని లోపలికి దిగుతాడు మనిషి. మనుషుల్ని అలా దించకూడదని 2013లో చట్టం వచ్చింది. చనిపోయినవారి కుటుంబానికి 30 లక్షలు ఇవ్వాలని 2023 అక్టోబరులో సుప్రీంకోర్టు చెప్పింది. గ్యాసుతో బండి నడపడం తర్వాత సంగతి, ముందు దాన్ని గొయ్యిలో పోగవనీయకుండా బయటికి లాగి కట్టడి చేస్తే చాలు, కొన్ని ప్రాణాలు మిగులుతాయి.

అన్నట్టు, ఇదేమీ నిన్నటి తెలివి కాదు. ఇంగ్లండులో ఎక్సెటర్ అనే ఊళ్లో డొనాల్డ్ కామెరాన్ అనే ఇంజినీరు 1895లో సెప్టిక్ ట్యాంకు కట్టించి, అందులో వచ్చిన గ్యాసుతో దీపాలు వెలిగించాడు. అంటే సెప్టిక్ ట్యాంకు పుట్టినప్పుడే దాని గ్యాసుకు పని చూపించారు. రెండేళ్లు తిరక్కుండానే, 1897లో, మన బొంబాయిలో మాటుంగా కుష్ఠురోగుల ఆశ్రమంలో ఈ గ్యాసును వాడారు. రెండో ప్రపంచయుద్ధం రోజుల్లో పెట్రోలు కరువై జర్మన్లు మురుగుశుద్ధి కేంద్రాల గ్యాసుతో బళ్లు నడిపారు. యుద్ధం అయిపోయింది, పెట్రోలు చవకైంది, గ్యాసును అందరూ మర్చిపోయారు. మనకు ట్యాంకు ఒక్కటే మిగిలింది.

గోలీసోడా సూత్రం

ట్యాంకులో వచ్చిన గ్యాసును పొయ్యికి నేరుగా వాడొచ్చు. బండికి పనికిరాదు. పదింట నాలుగొంతులు మండని గ్యాసును మోసుకు తిరిగితే బండి ఘాట్ ఎక్కుతుందా? హైడ్రోజన్ సల్ఫైడ్ ఇంజను లోహాన్ని తినేస్తుంది. ఇంకో చిత్రం... మనం తలకు రాసుకునే షాంపూల్లో, ముఖానికి పూసుకునే క్రీముల్లో సిలికోన్లు ఉంటాయి. స్నానాల గదిలోంచి మురుగులోకి, మురుగులోంచి గ్యాసులోకి చేరి, ఇంజన్లో మండినప్పుడు అవి సన్నని ఇసుకైపోతాయి! పిస్టన్ మీద ఇసుక పేరుకుంటే ఏమవుతుందో సాలూరు మెకానిక్కుకు చెప్పాలా?

కాబట్టి కడగాలి. ఎలా కడుగుతారో టీ కొట్టు దగ్గర వివరించడానికి నానా తంటాలు పడుతుంటే పక్కన సోడా బండి కనిపించింది. గోలీసోడా ఎలా తయారవుతుంది? బొగ్గుపులుసు వాయువును ఒత్తిడితో నీళ్లలోకి ఎక్కిస్తారు. గోలీ కొట్టగానే ఒత్తిడి పోయి గ్యాసు బుస్సుమని బయటికొస్తుంది. మురుగు గ్యాసును శుభ్రం చేసే పద్ధతుల్లో పాతదీ, తేలికదీ సరిగ్గా ఇదే. పొడవాటి స్తంభంలాంటి గొట్టంలోకి కిందినుంచి గ్యాసును ఒత్తిడితో పంపుతారు. పైనుంచి నీళ్లు జల్లుతారు. బొగ్గుపులుసు వాయువు నీళ్లలో కరిగి కిందికి దిగిపోతుంది. మీథేన్‌కు నీళ్లంటే పడదు, కరగకుండా పైకొచ్చేస్తుంది. కిందికి దిగిన నీళ్లంటే పెద్ద గోలీసోడా అన్నమాట. ఒత్తిడి తీసేసి, బుస్సుమనిపించి, మళ్లీ వాడుకుంటారు. ఢిల్లీ ఐఐటీ వాళ్లు గోబర్ గ్యాసును ఈ పద్ధతిలోనే కడిగి, సిలిండర్లకెక్కించి కారు నడిపి చూపించారు.

ఇంకా పద్ధతులున్నాయి. సన్నని పొరల్లోంచి జల్లెడ పట్టేవి, ఒక గ్యాసును పట్టుకుని ఇంకోదాన్ని వదిలే గుళికలవి. పద్ధతి ఏదైనా చివరికి 90 శాతానికి తక్కువ కాకుండా మీథేన్ ఉండాలని 2016లో మన దేశపు ప్రమాణం నిర్ణయించింది. ఆ తర్వాత దాన్ని గాలి ఒత్తిడికి 200 రెట్లు పైగా కుదించి సిలిండర్లకు ఎక్కించాలి. లారీ టైరులో గాలికి ఇది పాతిక రెట్లు! అలా ఎక్కించాక దానికీ సీఎన్‌జీకీ బండి తేడా కనిపెట్టలేదు. నేలలోంచి వచ్చిందా, మరుగుదొడ్డిలోంచి వచ్చిందా అని ఇంజను అడగదు.

రైలుబస్సు, పూ బస్సు

సాలూరులో నాకు భలే నచ్చిన జ్ఞాపకం రైలుబస్సు. బొబ్బిలికీ సాలూరుకూ మధ్య పద్దెనిమిది కిలోమీటర్ల చిన్న లైను. దాని మీద ఏళ్ల తరబడి ఒంటరి బండి నడిచింది. బస్సుకు రైలు చక్రాలు తొడిగినట్టుండేది. ఎక్కినవాళ్లు ఇప్పటికీ ముద్దుగా చెప్పుకుంటారు.

దాని చుట్టం ఒకటి స్వీడన్లో ఉంది. లింషోపింగ్ అనే ఊళ్లో 2002 నాటికే సిటీ బస్సులన్నీ బయోగ్యాస్ మీద నడిచేవి. కబేళా వ్యర్థాల గ్యాసు అది. 2005లో ఆ ఊరివాళ్లే ఒక పాత డీజిలు రైలుపెట్టెకు ఇంజను మార్చి, బయోగ్యాస్ సిలిండర్లు బిగించి వెస్టర్విక్ అనే తీరపట్నం వైపు నడిపారు. ప్రపంచంలో అలాంటి రైలు అదే మొదటిది. ఒంటి పెట్టె... మన సాలూరు బండిలాగే! రాజధాని స్టాక్‌హోంలో అయితే అచ్చంగా మురుగుశుద్ధి కేంద్రం గ్యాసునే సిటీ బస్సులకు పట్టించారు. 2014లో ఇంగ్లండులోని బ్రిస్టల్లో నలభై సీట్ల బస్సొకటి రోడ్డెక్కింది. దాని పక్కన మరుగుదొడ్ల మీద వరసగా కూర్చున్న జనం బొమ్మలు వేశారు. పిల్లలు దానికి ‘పూ బస్’ అని పేరెట్టేశారు. ఐదుగురు మనుషుల ఏడాది వ్యర్థాలతో ఆ బస్సు ట్యాంకు నిండుతుందనీ, మూడొందల కిలోమీటర్లు పోతుందనీ అప్పట్లో పత్రికలన్నీ రాశాయి. అందులో తిండి వ్యర్థాల వాటా కూడా ఉందన్న సంగతి శీర్షికల్లో కనిపించలేదు. ఉత్త మురుగుతోనే అంత దూరం పోతుందనుకుంటే లెక్క తప్పుతుంది.

మరి మన దగ్గర? పెద్దదంటే హైదరాబాద్ అంబర్‌పేట. మూసీలో కలిసే మురుగును రోజుకు 33.9 కోట్ల లీటర్లు శుద్ధి చేసేలా కట్టిన కేంద్రం. గాలి తగలకుండా మురుగును అడుగునుంచి పైకి పంపిస్తూ, మధ్యలో సూక్ష్మజీవుల బురద దుప్పటిలోంచి పోనిచ్చే డచ్ పద్ధతి అక్కడిది. మనలాంటి వేడి దేశాలకు నప్పుతుంది, కరెంటు తక్కువ, పైగా గ్యాసు వస్తుంది. కానీ మన మురుగు మరీ పలచన. పుట్టిన గ్యాసులో కొంత నీళ్లలో కరిగి బయటికే పోతుంది. ఈ పద్ధతిలో కట్టిన కేంద్రాలు ఉత్తరాదిన యమున వెంబడి చాలా ఉన్నాయి. వాటిలో చాలాచోట్ల వచ్చిన గ్యాసును వాడకుండా ఊరికే మండించేశారు.

ఆ తర్వాత హైదరాబాద్ దారి మార్చింది. 3,866 కోట్లతో 31 కొత్త కేంద్రాలు తలపెట్టి, వాటికి గాలి ఊది శుద్ధిచేసే పద్ధతిని ఎంచుకుంది. నీళ్లు ఇంకా శుభ్రంగా వస్తాయి, స్థలం తక్కువ పడుతుంది. కరెంటు మాత్రం తాగుతుంది. గ్యాసు రాదు, మిగిలిన బురదను విడిగా పులియబెడితే తప్ప. నగరం నీళ్లకు ఓటేసింది, ఇంధనానికి కాదు. తప్పుపట్టలేం. మూసీ పక్కన ఉండేవాళ్లకు కావలసింది బస్సు కాదు కదా!

గ్యాసు కథలు హైదరాబాద్‌లో వేరేచోట్ల నడిచాయి. జవహర్‌నగర్ చెత్తగుట్టను కప్పేసి, కింద పుట్టే గ్యాసును గొట్టాలతో లాగి, కడిగి వాహనాల గ్యాసుగా మార్చారు. బోయిన్‌పల్లి కూరగాయల మార్కెట్లో రోజుకు 10 టన్నుల కుళ్లిన కూరగాయలతో 500 యూనిట్ల కరెంటు, 30 కిలోల వంటగ్యాసు తీసే కేంద్రం వచ్చింది. హైదరాబాద్‌లోనే ఉన్న ఐఐసీటీ శాస్త్రవేత్తల పద్ధతి అది. 2021 జనవరిలో ప్రధాని ‘మన్ కీ బాత్’లో దాని గురించి చెప్పారు. వీటిని మురుగు అనలేం గానీ, సాలూరుకు పనికొచ్చే పాఠం వీటిలోనే ఉందని నాకు తర్వాత తెలిసింది.

కాగితం మీద సాలూరు

ఇక లెక్క. మురుగును పూర్తిగా ఒకచోటికి చేర్చి, బురదను పద్ధతిగా పులియబెట్టే చోట మనిషికి రోజుకు 20 లీటర్ల గ్యాసు అటూ ఇటూగా వస్తుంది. యాభై వేల మందికి పది లక్షల లీటర్లు. వినడానికి ఘనంగానే ఉంది. కానీ గ్యాసు తేలిక. అందులో మండేది అరవై శాతం. కడిగి, తూకం వేస్తే నాలుగొందల కిలోలు. ఊరు ఊరంతా, పసిపిల్లలు, ముసలాళ్లతో సహా, రోజంతా కష్టపడితే నాలుగొందల కిలోలు!

గ్యాసు లారీ లోడుతో కిలోకు నాలుగు కిలోమీటర్లు పోతుందనుకుందాం. మొత్తం పదహారొందల కిలోమీటర్లు. అంటే రాయపూర్‌కు రెండు లారీలు వెళ్లి రావడానికి కూడా ఇంకొంచెం తక్కువ పడుతుంది.

రెండు లారీలు. ఊళ్లో ఉన్నవి వేలల్లో అంటారు.

ఆ రాత్రి ఈ అంకె చూసి నేను కాస్త డీలా పడ్డాను. పొద్దున్నే పెద్దాయన ముందు ఏ ముఖం పెట్టుకుని చెప్పాలి? పైగా డబ్బు లెక్క ఇంకా బాలేదు. ఇలాంటి గ్యాసును కొంటామంటూ కేంద్రం 2018 అక్టోబరులో ‘సతత్’ పథకం తెచ్చినప్పుడు చమురు కంపెనీలు కిలోకు ఇస్తామన్నది 46 రూపాయలు. నాలుగొందల కిలోలకు పద్దెనిమిది వేల చిల్లర. ఆ డబ్బుతో కడిగే యంత్రాలు, కుదించే యంత్రాలు, వాటి కరెంటు, మనుషుల జీతాలు ఈదాలి. చిన్న కేంద్రానికి అది కష్టం. 2023కల్లా దేశంలో ఐదువేల కేంద్రాలు పెట్టిస్తామన్నది అప్పటి మాట. గడువు దాటేనాటికి నిలబడింది అందులో బహు చిన్న వంతు. పెద్దగా నిలబడ్డవాటిలో ఇండోర్ ఒకటి. 2022 ఫిబ్రవరిలో మొదలైంది. రోజుకు 550 టన్నుల తడిచెత్త వేస్తే 17 వేల కిలోల గ్యాసు, నాలుగొందల బస్సులకు సరిపడా. అది మహానగరం చెత్త. సాలూరు దానిముందు ఎంత?

అప్పుడే వీధిలో ఆటో హారన్ వినిపించింది.

ఆటో సీఎన్‌జీ మీద కిలోకు ముప్పై కిలోమీటర్ల పైనే పోతుంది. రోజంతా తిరిగినా మూడు కిలోలు చాలు. నాలుగొందల కిలోలంటే నూట ముప్పై ఆటోలు! లారీల లెక్కలో నవ్వులపాలైన అంకె ఆటోల లెక్కలో ఒక్కసారిగా పెద్దమనిషైపోయింది. పోనీ చెత్త బళ్లకు ముందు పట్టించి, మిగిలింది ఆటోలకు ఇవ్వొచ్చు. అవి సాయంత్రానికి ఊరికే తిరిగొస్తాయి కాబట్టి ఒక్క బంకు ఉంటే సరిపోతుంది. లారీకి అలా కుదరదు. ఇక్కడ నింపుకుని కొండెక్కితే జగదల్‌పూర్లో మళ్లీ నింపేదెవరు? సిలిండర్ల బరువు సరుకు బరువును తినేస్తుంది. కొండ మీద ఊపు తగ్గితే వెనకున్న బండ్ల తిట్లు అదనం. గ్యాసు లారీలు కంపెనీలు అమ్ముతున్నాయి, మైదానంలో నడుస్తున్నాయి కూడా. అయినా ఈ ఘాట్‌కు మాత్రం నేను సలహా ఇవ్వను.

ఇంకోటి గుర్తొచ్చింది. వచ్చేదారిలో రామభద్రపురం. కూరగాయలకూ, పశువుల సంతకూ పేరున్న ఊరు. సాలూరుకు కూతవేటు కాకపోయినా ఆటో వేటు దూరమే. అమ్ముడుపోని కూరగాయలు, పేడ, హోటళ్ల ఎంగిలి... ఇవన్నీ మురుగు బురదతో ఒకే గుంటలో వేస్తే గ్యాసు పెరుగుతుంది. పలచటి మురుగుకు చిక్కటి తిండి తోడన్నమాట. బ్రిస్టల్ బస్సు చేసింది అదే. బోయిన్‌పల్లి చూపించిందీ అదే.

వేగావతి గట్టు మీద

కానీ ఇదంతా మురుగు ఒకచోటికి చేరినప్పటి మాట. చిన్న పట్టణాల్లో చేరదు. మరుగుదొడ్డి నీరు ఇంటి ట్యాంకులోనే ఉంటుంది. వంటింటి నీరు, స్నానాల నీరు వీధి కాలవలోకి, కాలవ గెడ్డలోకి, గెడ్డ నదిలోకి. ఏళ్ల తరబడి ట్యాంకులో కూర్చున్న బురదలో గ్యాసు ఎప్పుడో ఆ జాలీ గొట్టంలోంచి పోయి ఉంటుంది. ట్యాంకరుతో తోడుకొచ్చి గుంటలో పోస్తే మిగిలేది కొంచెమే. వరంగల్లో ఇళ్ల ట్యాంకుల బురదను శుద్ధి చేయడానికి తెలంగాణలో తొలి కేంద్రం పెట్టినప్పుడు దాన్ని ఆరబెట్టి కాల్చే పద్ధతినే ఎంచుకున్నారు తప్ప గ్యాసు జోలికి పోలేదు. బండి నడపాలంటే తాజా మురుగు కావాలి. తాజా మురుగు కావాలంటే భూమిలో పైపులు కావాలి. పైపులంటే వీధి వీధీ తవ్వకం. ఇక్కడే చిన్న ఊళ్ల కథలన్నీ ఆగిపోతాయి.

రెండోరోజు సాయంత్రం వంతెన మీద నిలబడ్డాను. పాచిపెంట కొండల నుంచి దిగొచ్చిన వేగావతి ఎండాకాలంలో ఇసుకలో సన్నగా పాకుతోంది. ఒక పక్క లారీ క్లీనర్లు బట్టలు ఉతుక్కుంటున్నారు. కాస్త దిగువన గేదెలు. ఊరి వైపునుంచి ఒక నల్లటి చార వచ్చి నీళ్లలో కలుస్తోంది. ఏ ఊరికైనా అలాంటి చార ఒకటి ఉంటుంది. ఈ నది ఇక్కడితో ఆగదు. బొబ్బిలి సీమ మీదుగా పోయి, సువర్ణముఖితో, నాగావళితో కలుస్తుంది. మూడూ కలిసేచోట సంగం అనే ఊరుంది, శివాలయం ఉంది, శివరాత్రికి జనం మునుగుతారు. అక్కణ్నుంచి నాగావళిగా శ్రీకాకుళం పట్నం మధ్యలోంచి పారి సముద్రంలో కలుస్తుంది. సాలూరు వంటింట్లో గిన్నెలు కడిగిన నీళ్లు సంగంలో ఎవరి తలమీదో పడుతున్నాయి. గ్యాసు వచ్చినా రాకపోయినా పైపులు వేయడానికి నాకు ఆ ఒక్క కారణం చాలనిపించింది. గ్యాసు వస్తే ఆ ఖర్చులో కొంత తిరిగొస్తుంది. అంతకంటే ఎక్కువ ఆశ పెట్టడం అబద్ధమే.

మర్నాడు పొద్దున్న టీ కొట్టు దగ్గర కాగితం విప్పాను. పెద్దాయన కళ్లజోడు సవరించుకుని అంకెలన్నీ ఒక్కొక్కటే చదివాడు. రెండు లారీల దగ్గర ఆగి నవ్వేశాడు.

“ఊరంతా కూకుంటే రెండు బళ్లేనేటి బాబూ!”

“లారీలైతే రెండేనండీ. ఆటోలైతే నూట ముప్పై.”

ఆయన నవ్వు ఆపేశాడు. ఎదురుగా స్టాండులో ఉన్న ఆటోల్ని వేలు చూపిస్తూ లెక్కపెట్టాడు. వాటిలో మూడోది తన చిన్న మనవడిదట. లారీ లైనులోకి రాను తాతా అని మొండికేస్తే కొనిచ్చాడట. కొండ కింది ఊళ్లకు సంత రోజుల్లో జనాన్ని తిప్పుతుంటాడు.

“ఆడి బండికి రోజుకు మూడు కేజీలంటారు...” అని కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు. కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత వీధి వైపు చూస్తూ అడిగాడు.

“మరా పైపులు ఎవులేస్తారు బాబూ?”

అంతలో ఆయన లారీ వచ్చి ఆగింది. డ్రైవరు దిగకుండానే హారన్ కొట్టాడు. రాయపూర్ లోడు. పెద్దాయన లేచి వెళ్లి టైర్లు ఒక్కొక్కటే కాలితో తన్ని చూసి, క్లీనరుకు ఏదో చెప్పి, బండి బానెట్ మీద చెయ్యేసి కళ్లకద్దుకున్నాడు. నల్లటి పొగ వదులుతూ లారీ ఘాట్ వైపు కదిలింది.